నిస్తంత్రి రహస్యములు, వానిని విప్పి చూపినవారు

1903 జూన్ 4వ తేదీ సాయంకాలము లండన్ నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసమందిరమున భౌతికశాస్త్రజ్ఞుడు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ నిస్తంత్రి వార్తావిధానమును గూర్చి ప్రసంగింప సిద్ధమగుచుండెను. సుమారు మూడువందల మైళ్ల దూరమున, కార్న్‌వాల్ తీరమందలి పోల్డూ కేంద్రమున, గుగ్లీల్మో మార్కొనీ తన ప్రేషకయంత్రము చెంత నిలిచియుండెను. అచటినుండి వచ్చు సందేశమును సభికుల యెదుటనే గ్రహించి చూపవలెనన్నది యేర్పాటు. ఆ ఘడియ రాకమున్నే, చిత్రములు చూపుటకై యుంచిన ఇత్తడి దీపయంత్రమునుండి టకటకమను చప్పుడొకటి లయబద్ధముగా వినవచ్చెను. దీపము చేయు చప్పుడేయని సభికులు దానిని లెక్కసేయలేదు. చెవి కొంత మందమైన ఫ్లెమింగునకు అది వినబడనేలేదు. కాని మోర్సు సంకేతములు బాగుగా నెరిగిన అతని సహాయకుడు ఆర్థర్ బ్లాక్ ఆ చప్పుడులో అక్షరములున్నవని కనిపెట్టెను. ఎలుకలు అను నర్థమిచ్చు ఆంగ్లపదమొకటి పదేపదే వచ్చెను. ఆ వెనుక, ఇటలీ దేశపు యువకుడొకడు లోకమును చక్కగా వంచించుచున్నాడను భావముగల ఎగతాళి పద్యము వచ్చెను. పోల్డూనుండి సందేశము రావలసిన వేళకు కొంచెము ముందుగా ఆ చొరబాటు ఆగిపోయెను. ప్రదర్శనము యథావిధిగా జరిగెను. కాని తెలియవలసినది తెలియవలసినవారికి అప్పటికే తెలిసిపోయెను.

ఆ సంకేతములను పంపినవాడు నెవిల్ మాస్కెలైన్. ఇంద్రజాలికుల యింట బుట్టి, తానును ఇంద్రజాలికుడై, నిస్తంత్రి విద్యను స్వయంకృషిచే నభ్యసించినవాడు. 1901 డిసెంబరులో మార్కొనీ అట్లాంటిక్ మహాసముద్రమును దాటించి సంకేతమును పంపిన నాటినుండి, సముద్రగర్భమున తంతులు పరచుటకై అపార ధనమును వెచ్చించిన ఈస్టర్న్ టెలిగ్రాఫ్ కంపెనీకి కంటిమీద కునుకు లేకపోయెను. బొంబాయి లండన్ నగరముల నడుమ 1870 నుండి వార్తలు మోయుచుండిన కేబుళ్లు అప్పటికి ఆ కంపెనీ యధీనముననే యుండెను. కంపెనీవారు మాస్కెలైన్‌ను రప్పించి, తమ కేబుల్ కేంద్రమైన పోర్త్‌కర్నో వద్ద ఎత్తైన స్తంభమొకటి నిలిపి, మార్కొనీ పంపు వార్తలను వినగలవేమో చూడుమని కోరిరి. అతడు వినెను, వినుటకు పెద్ద ప్రయాసయు పడలేదు, విన్నదానిని 1902లో ఎలక్ట్రీషియన్ అను పత్రికలో ప్రకటించెను. అయినను 1903 ఫిబ్రవరిలో మార్కొనీ, తన యంత్రములను శ్రుతిచేసినచో అదే శ్రుతిలో లేని యితర యంత్రమేదియు తన వార్తలను వినజాలదని పత్రికాముఖమున వక్కాణించెను. ఆ మాటకు సమాధానమే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ దీపయంత్రపు టకటక.

ఫ్లెమింగ్ ఆగ్రహించి టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసి, ఇది శాస్త్రరంగమున జరిగిన రౌడీతనమని నిందించి, దోషిని పట్టుకొనుటకు పాఠకుల సాయమును యాచించెను. దోషి స్వయముగనే కొలది దినములలో అదే పత్రికలో సమాధానము వ్రాసి, తాను చేసినది లోకహితము కొఱకేయని చెప్పుకొనెను. పోటీ కంపెనీ సొమ్ము తినినవాడు లోకహితమును పలుకుట కొందరికి రుచింపకపోవచ్చును. అతని యుద్దేశములన్నియు నిర్మలములని నేనును అనను. కాని అతడు చూపిన నిజము నిజమే. రహస్యమని సొమ్మునకు అమ్మబడుచున్నది రహస్యము కాదని నిరూపించుటకు ఆనాడు వాదములు, వ్యాసములు చాలలేదు. ప్రేక్షకుల యెదుట, చవకయైన యంత్రముతో, వారి చెవులకు వినబడునట్లు చేసి చూపవలసివచ్చెను. నిస్తంత్రి భద్రతా విద్య యొక్క చరిత్రమంతయు ఈ మొదటి ఘట్టమున బీజరూపమున నున్నదని నా తలంపు.

ఈ వివాదము నిస్తంత్రితోనే పుట్టినదికాదు. 1851లో లండన్ మహాప్రదర్శనమునకు అమెరికానుండి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను తాళముల పనివాడు, ఎవ్వరును విప్పలేరని ప్రసిద్ధిగాంచిన చబ్ తాళమును అరగంట లోపుగనే విప్పెను. పిమ్మట పిక్కడిల్లీ వీథిలో బ్రామా దుకాణపు అద్దములవెనుక, విప్పినవారికి రెండువందల గినీలు బహుమానమను ప్రకటనతో దశాబ్దులుగా వ్రేలాడుచుండిన తాళమును, పదునారు దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి విప్పెను. అంతటితో నాంగ్లదేశమున కలవరము పుట్టెను. ఇట్టి విద్యను బహిరంగపరచుట దొంగలకు పాఠము చెప్పుట కాదాయని పలువు రాక్షేపించిరి. 1853లో వెలువడిన హాబ్స్ గ్రంథము ఆ యాక్షేపమునకు సూటిగా సమాధానమిచ్చినది: దొంగలు తమ వృత్తియందు మనకంటె నిపుణులు, మనము నేర్పకమున్నే వారు నేర్చియుందురు, తెలియక నష్టపడువాడు తాళమును నమ్మి కొన్న గృహస్థుడు మాత్రమే. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ ఫ్రెంచి సైనికపత్రికలో గూఢలిపిని గూర్చి వ్రాయుచు, విధానము శత్రువు చేతబడినను హాని కలుగరాదని నియమము చేసెను. తాళపుచెవి దాచదగినది, తాళపు నిర్మాణము దాచదగినది కాదు. ఈ నియమమును మరచిన ప్రతిసారి లోకము పరిహారము చెల్లించెను.

వైఫై కథయందు ఆ పరిహారము మిక్కిలి పెద్దది. 1985లో అమెరికా ప్రభుత్వపు ఎఫ్.సి.సి. సంస్థ, వంటయింటి మైక్రోవేవ్ పొయ్యిలు మొదలగువాని కొఱకు కేటాయించిన కొన్ని తరంగపు పట్టీలలో లైసెన్సు లేకయే రేడియో పరికరములు వాడుకొనవచ్చునని అనుమతించెను. ఆ పట్టీలయందే 1997లో 802.11 అను ప్రమాణము రూపొందెను. 1999 నాటి 802.11బి తో అది ల్యాప్‌టాపులలోనికిని, ఇండ్లలోనికిని ప్రవేశించెను. గాలిలో పోవు మాటలను ఎవరైనను వినవచ్చును గనుక వానిని గూఢముగా నుంచుటకు వెప్ అను విధానమును ప్రమాణకర్తలు చేర్చిరి. దాని యర్థము తీగెతో సమానమైన గోప్యత యని. పేరు గంభీరము, పునాది బలహీనము. అమెరికా ఎగుమతి నిబంధనలకు లోబడి 40 బిట్ల తాళపుచెవిని పెట్టిరి. ప్రతి ప్యాకెట్టునకు వేరువేరుగా నుండవలసిన ఆరంభసంఖ్యకు 24 బిట్లే యిచ్చిరి. అనగా 1,67,77,216 సంఖ్యలు. సామాన్యునికి ఇది పెద్దసంఖ్యగా తోచును. కాని ఎడతెగక పనిచేయు నెట్‌వర్కులో కొలది గంటలలోనే ఆ సంఖ్యలన్నియు వ్యయమై, వాడినవే మరల వాడవలసివచ్చును. గూఢలిపి శాస్త్రమున వాడినదానిని మరల వాడుటకంటె పెద్ద తప్పు లేదు.

ఈ లోపమును 2000లో ఇంటెల్ సంస్థకు చెందిన జెస్సీ వాకర్ ఎత్తిచూపెను. 2001లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు విస్తరించి వ్రాసిరి. ఆ సంవత్సరమే ఆగస్టులో స్కాట్ ఫ్లూరర్, ఇట్సిక్ మాంటిన్, ఆదీ షమీర్ అను మువ్వురు, వెప్ లోపల పనిచేయు ఆర్సీ4 యంత్రాంగమునుండి తాళపుచెవిని ఎట్లు రాబట్టవచ్చునో గణితమార్గమున నిరూపించిరి. పిమ్మట ఆడమ్ స్టబుల్‌ఫీల్డ్ అను విద్యార్థి, ఏటీ అండ్ టీ పరిశోధనాలయమున తన పెద్దలతో కలసి, అంగడిలో దొరకు సాధారణమైన వైర్‌లెస్ కార్డును కొని, ఆ గణితమును కార్యరూపమున పెట్టి, నిజముగా వాడుకలోనున్న ఒక నెట్‌వర్కు తాళపుచెవిని బయటికి దీసెను. ఆ నెట్‌వర్కు నిర్వాహకుని యనుమతి ముందుగనే తీసికొనెను. ఈ యనుమతి యను మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఈ విద్యలో వైద్యునికిని దొంగకును నడుమ గీత అదియే. ఆ నెలలోనే ఎయిర్‌స్నార్ట్ అను ఉచిత ప్రోగ్రాము వెలువడి, గణితము తెలియనివానికిని పని సాధ్యమయ్యెను. రాబ్ ఫ్లికెంజర్ అను నాతడు అదే 2001లో ప్రింగిల్స్ చిప్సు అమ్ముడగు పొడవాటి డబ్బాతో, ఏడు డాలర్లకు లోబడిన వ్యయముతో, దూరపు వైఫైని అందుకొను యాంటెన్నాను చేసి, చేయు విధానమును అందరికి తెలిపెను.

ఇంత బహిరంగముగా తెలిసిన తరువాత వ్యాపారులు మేలుకొనియుందురని తలచుట సహజము. వెప్‌నకు మారుగా 2003లో డబ్ల్యు.పి.ఏ. అను విధానము, 2004లో దాని రెండవ రూపమును సిద్ధమైనవి. అయినను అమెరికాలో టీజేఎక్స్ అను పెద్ద దుకాణాల సంస్థ తన శాఖలలో వెప్‌నే నమ్ముకొనియుండెను. 2005లో దొంగలు ఒక దుకాణము వెలుపలనుండి ఆ మార్గముననే లోనికి జొరబడిరి. 2007లో సంగతి బయటపడునప్పటికి పోయిన కార్డు సంఖ్యలు 4 కోట్ల 57 లక్షలని లెక్కతేలెను. ఆ యేడే జర్మనీలో డార్మ్‌స్టాట్ పరిశోధకులు వెప్ తాళపుచెవిని ఒక్క నిమిషము లోపుగ రాబట్టవచ్చునని చూపిరి. ఈ నష్టమునకు మూలము బహిరంగ విద్యయని వాదించువారు కలరు. నేను దాని నొప్పుకొనలేను. 2001లోనే రోగమును చెప్పిన వైద్యులను విని మందు తినినవారికి నష్టము రాలేదు, విననివారికి వచ్చెను.

మన దేశమున ఈ కథకు వేరొక ఆరంభము కలదు. వైఫై నడచు 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో ప్రభుత్వము సెలవిచ్చెను. అటుపిమ్మట బ్రాడ్‌బ్యాండుతోపాటు రౌటర్లు ఇండ్లలోనికి వచ్చినవి, పాస్‌వర్డు పెట్టవలెనన్న స్పృహ మాత్రము వానివెంట రాలేదు. 2008 జూలై 26న అహమ్మదాబాదు పేలుళ్లకు కొలది నిమిషములు ముందు పత్రికా కార్యాలయములకు వచ్చిన బెదిరింపు ఈమెయిలు నవీముంబయిలో ఒక విదేశీయుని యింటి వైఫైనుండి వెళ్లినదని తేలెను. ఇతరులు అతనికి తెలియకయే ఆ కనెక్షనును వాడుకొనిరి. మరుసటి సంవత్సరము ముంబయి పోలీసులు వీథుల వెంబడి తిరిగి, తలుపులు తెరచియున్న వైఫైలను వెదకుదుమని ప్రకటించిరి.

ఆ వేళకు మనవారిలో కొందరు ఈ విద్యలో ప్రపంచ ప్రసిద్ధులై యుండిరి. పుణేతో సంబంధముగల ఎయిర్‌టైట్ సంస్థలో పనిచేసిన వివేక్ రామచంద్రన్, మహమ్మద్ సోహైల్ అహ్మద్ 2007లో కఫే లాటే అను పేరుగల ప్రయోగమును శాండియాగో సభలో వివరించిరి. అంతవరకు వెప్ తాళపుచెవిని రాబట్టుటకు ఆ నెట్‌వర్కు దాపున నుండవలెనని లోకుల నమ్మకము. కాఫీ దుకాణములో ఒంటరిగా నున్న ల్యాప్‌టాపును పలుకరించియే, దాని యింటి నెట్‌వర్కు చెవిని తెలిసికొనవచ్చునని వీరు చూపిరి. నాకు అంతకంటె మిన్నగా తోచునది రామచంద్రన్ ఆ తరువాత చేసిన పని. సెక్యూరిటీట్యూబ్ అను పేరుతో వైర్‌లెస్ భద్రతను ఓనమాలనుండి మొదలిడి వరుసగా వీడియో పాఠములుగా, రుసుము లేకుండ, అందరికి నందుబాటులో నుంచెను. యూఎస్‌బీ కార్డు ఒకటి, సొంత రౌటరు ఒకటి, పాత ల్యాప్‌టాపు ఒకటి యున్నచో చాలును. ప్యాకెట్టు అనగా నేమి, దానిని గాలిలోనుండి పట్టి చదువుట యెట్లు, ఏ యక్షరము దేనికి సంకేతము అని నెమ్మదిగా, విసుగులేక చెప్పుకొనిపోవును. వేలకు వేలు రుసుము గుంజు శిక్షణాలయముల మెట్లెక్కలేని చిన్నపట్టణపు ఇంజనీరింగు విద్యార్థికి ఆ పాఠములెంతటి యుపకారమో చెప్పనలవికాదు. నల్ అను పేరుగల స్వచ్ఛంద భద్రతాసంఘము హైదరాబాదు మొదలగు నగరములలో రుసుము లేని సమావేశములు జరుపుచు ఈ సంప్రదాయమునే సాగించుచున్నది.

హైదరాబాదు పేరు వచ్చినది గనుక, మరియొక ప్రకరణమును విడువరాదు. 2010లో నగరవాసియైన హరిప్రసాద్, మిషిగన్ విశ్వవిద్యాలయాచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ దేశీయుడు రాప్ గాంగ్‌గ్రైప్ కలసి భారతీయ ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రముపై పరిశీలన ప్రకటించిరి. వారు చేసిన పరికరములలో నొకటి, ఫలితములను చూపు అంకెల పలకవలెనే కనబడుచు, లోపల బ్లూటూత్ రేడియోను దాచుకొన్న నకిలీ పలక. దూరమునుండి ఫోనుతో దానికి ఆజ్ఞలిచ్చి, చూపవలసిన అంకెలకు మారుగా వేరంకెలు చూపునట్లు చేయవచ్చునని వారు ప్రదర్శించిరి. సీళ్లు, కాపలా మొదలగు పాలనాపరమైన రక్షణలుండగా అట్టిది జరుగనేరదని ఎన్నికల సంఘము సమాధానము చెప్పెను. వాద ప్రతివాదముల నటుంచి, ఆగస్టులో పోలీసులు హరిప్రసాద్‌ను, పరిశీలనకు యంత్రమెవరిచ్చిరో చెప్పుమని, నిర్బంధించిరి. వారము తిరుగుసరికి బెయిలు లభించెను. ఆ యేడే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అతనికి పయొనీర్ పురస్కారము నిచ్చి గౌరవించెను. ఒకే మనుష్యుడు ఒకే పనికి ఒక చోట సంకెలను, మరియొక చోట సన్మానమును పొందెను. హాబ్స్ నాటి తగవు ఇంకను తీరలేదనుటకు వేరు సాక్ష్యమేల?

ఇక పరికరముల సంగతి. బ్లూటూత్ వార్తలను పరిశీలింపగల యంత్రములు చాలకాలము వేలకొలది డాలర్ల వెలతో కంపెనీల ప్రయోగశాలలకే పరిమితమై యుండెను. 2011లో మైఖేల్ ఆస్‌మన్ అను అమెరికను, ఉబర్‌టూత్ అను చిన్నపలకను నూరుడాలర్లకు కొంచెము పైబడిన వెలకు వచ్చునట్లు రూపొందించి, దాని చిత్రపటములను, ప్రోగ్రామును ఎవరైన తయారు చేసికొనుటకు వీలుగా ప్రకటించెను. 2012లో, టీవీ చూచుటకు అమ్మబడుచుండిన ఇరువది డాలర్ల యూఎస్‌బీ పుల్లలోని చిప్పు, విశాలమైన తరంగశ్రేణిని వినగల రేడియోగా పనిచేయునని కొందరు కనిపెట్టిరి. వెల తగ్గిన కొలది విద్య చేతులు మారుచుండెను.

ఇచట వైఫైలో మిగిలిన యొక పాత లోపమును కొంచెము దగ్గరగా చూడవలసియున్నది. డబ్ల్యు.పి.ఏ. రెండవ రూపమున మాటలు గూఢములైనవి. కాని నెట్‌వర్కు నిర్వహణకై రౌటరును ఫోనును పరస్పరము చెప్పుకొను సందేశములు, ముఖ్యముగా ఇక సెలవు, కనెక్షను తెంపుచున్నాను అను సందేశము, ఎట్టి ముద్రయు లేకుండ గాలిలో పోవుచుండెను. దండోరా వేసినవాడు నిజముగా తలారియేనాయని విచారింపక ఊరంతయు దుకాణములు మూసికొనునట్లుగా, ఎవడో రౌటరు పేరు పెట్టుకొని ఆ సందేశము పంపినను ఫోను నమ్మి విడిపోవును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జాన్ బెల్లార్డో, స్టీఫన్ సావేజ్ 2003లోనే దీనిని అరచేతిలో ఇముడు కంప్యూటరుతో చేసి చూపిరి. 2009లో 802.11డబ్ల్యు అను సవరణ ఆ సందేశములకు ముద్రవేయు మార్గమును చెప్పెను. మార్గమున్నది, నడచువారు లేరు. తయారీదారులలో పెక్కుమంది దానిని ఐచ్ఛికముగ విడిచిరి. ఈలోగా 2014 అక్టోబరులో, నాష్‌విల్‌లోని తమ హోటలులో అతిథుల సొంత హాట్‌స్పాట్లను ఇట్టి సందేశములతోనే తెంపుచుండిరని మారియట్ సంస్థపై ఎఫ్.సి.సి. ఆరులక్షల డాలర్ల జరిమానా వేసెను. లోపమును వాడుకొనుట వ్యాపారుల చేతను గూడ జరిగినదన్నమాట.

ఆ 2014లోనే షాంఘై నగరపు ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 అను చిప్పును వెలువరించెను. సింగపూరునకు చెందిన టియో స్వీ ఆన్ ఈ సంస్థను 2008లో స్థాపించెను. మొదట దాని వివరణ పత్రములు చీనా భాషలోనే యుండుటచే, ఇతర దేశముల ఔత్సాహికులు వానిని తమలో తాము అనువదించుకొనిరి. ఈ చిప్పుతో చేసిన నోడ్‌ఎంసీయూ పలకలు నేడు హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీలోను దొరకును. రెండు వ్రేళ్ల వెడల్పుగల ఆ పలకపై, గోరంత లోహపు మూత క్రింద చిప్పు. మూత అంచున పాము మెలికలవలె సాగిన రాగిగీతయే యాంటెన్నా. ఒక చివర ఫోను ఛార్జరు కేబులు పట్టు రంధ్రము. శక్తి యందగానే వెలుగు చిన్న నీలిదీపము. 2017లో జర్మను యువకుడు స్టెఫాన్ క్రెమ్సర్, స్పేస్‌హూన్ అను మారుపేరుతో, ఈ పలకను కనెక్షను తెంపు సందేశములను పంపు యంత్రముగా మార్చు ప్రోగ్రామును బహిరంగపరచెను. ల్యాప్‌టాపు అక్కరలేదు, ఫోనులో ఒక పేజీ తెరచి, తన రౌటరునే యెన్నుకొని, మీట నొక్కినచో, ఎదుటనున్న ఫోనునుండి వైఫై గురుతు మాయమగును. పదునాలుగేండ్లుగా పరిశోధన పత్రములలో నిదురించిన లోపమును పాఠశాల బాలుడును కన్నులార చూచెను. క్రెమ్సర్ అంతటితో నాగక, అట్టి సందేశములు వచ్చినపుడు దీపము వెలిగించి హెచ్చరించు ప్రోగ్రామును గూడ అదే చిప్పునకు వ్రాసి యిచ్చెను. ఈ రెండింటిని ఒకే బల్లపై నుంచి బోధించు గురువే ఈ విద్యకు తగిన గురువని నా మతము.

దుర్వినియోగము లేదని నేననను. పరుల వైఫైని తెంపి వినోదించు అల్లరిపిల్లలు కలరు, కెమెరాలను గ్రుడ్డివి చేయు దొంగలును కలరు. మన సమాచార సాంకేతిక చట్టపు 43వ, 66వ సెక్షన్లు యజమాని యనుమతి లేనిదే కపటబుద్ధితో నెట్‌వర్కులో వేలుపెట్టినవారికి మూడేండ్ల వరకు కారాగారము, ఐదులక్షల వరకు జరిమానా విధించుచున్నవి. పాఠము మొదటి గంటలోనే గురువు ఈ మాటను చెప్పవలెను. కాని పలకను నిషేధించుట వేరు, పాపమును శిక్షించుట వేరు. 2024 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వము కారు దొంగతనముల భయమున ఫ్లిప్పర్ జీరో అను చేతిరేడియోను నిషేధింతుమని ప్రకటించి, పరిశోధకులు ఆక్షేపింపగా, సక్రమమైన పనులకు అడ్డులేదని సవరించుకొనెను. చవకయైన చిప్పు అంగడిలో నుండగా పేరుగల పరికరమును నిషేధించిన లాభమేమి?

2018లో వచ్చిన డబ్ల్యు.పి.ఏ.3 నిర్వహణ సందేశములకు ముద్రవేయుటను తప్పనిసరి చేసెను. 2020 జూలై నుండి వైఫై ధ్రువపత్రము కోరు ప్రతి క్రొత్త పరికరమునకును అది విధి యయ్యెను. అట్టి రౌటరు ముందు ఆ నీలిదీపపు పలకను పెట్టి మీట నొక్కినను, ఫోను చలింపక తన కనెక్షనును నిలుపుకొనును. పాత రౌటర్లయందును అనేకముల సెట్టింగులలో పీఎంఎఫ్ అను పేరున ఆ రక్షణ ఐచ్ఛికముగ నున్నది. తాకినవారు లేక అది పెక్కిండ్లలో మూసియే యున్నది. దానిని తెరచి, తన పలకతో తన రౌటరునే మరల పరీక్షించి చూచుకొనుట, నేడు ఈ విద్యను నేర్పువారు విద్యార్థుల కిచ్చు మొదటి యింటిపని.